అక్క వదిలిన రెండు పాదాలు

మా అక్క వాన్ సల్బియా పోయిన రోజు పొద్దున కూడా సినిమా గురించే మాట్లాడింది. కౌలాలంపూర్‌లో సాహిత్యం బోధించేది. ఏటా మా రేవు మైదానంలో సినిమా వేసినప్పుడు వచ్చి, తన విమర్శను పాంతున్‌లో, అంటే మా మలయ్ నాలుగు పాదాల పద్యంలో, చెప్పేది. అందులో మొదటి రెండు పాదాలు నీడ, అంటే ఏ కోడి గురించో కొబ్బరి గురించో పైపై మాట. ప్రాస కలిపి తర్వాతి రెండింట్లో అసలు మాట. ఎవరి మీద చెబితే వాళ్లు బదులివ్వాలి. నాలుగు పాదాలూ లేకపోతే ఇవ్వనక్కర్లేదు.

ఈసారి సినిమా మా తీరం గురించే. ఇసుక తవ్వకాలకు కోసుకుపోయిన ఊరి కథ. అక్క దాన్ని ముందే చూసింది. ఆసుపత్రి మంచం మీద అసలు మాట ఉన్న చివరి రెండు పాదాలే చెప్పగలిగింది, నీడ కట్టలేకపోయింది. దానికి బదులు రాబట్టడం నా పని అనుకున్నాను.

సినిమా అయ్యాక మైకు పట్టుకున్నాను. దర్శకుడు ఫైరూజ్ ముందు వరస చాప మీదే ఉన్నాడు.

"మునిగిన ఊరిని ముద్దుగా తీశావు,
ముంచినోడి ముఖం చూపలేదు."

"ఇదేంటి మాస్టారూ, మాటకి లుంగీ కట్టకుండా తెచ్చేశారు!" అంది చేప అప్పడాలమ్మే మాక్ సూ. మైదానమంతా గొల్లుమంది.

"సగం పాంతున్‌కి బదులక్కర్లేదుగా! బతికిపోయాను," అన్నాడు ఫైరూజ్.

"ఆగు నాయనా, మేం లేమూ?" నీడ కట్టడానికి మాక్ సూ లేచింది. "కోడిని తెచ్చి గంప కింద మూశావు, గుడ్డు పెట్టిందో లేదో చూడలేదు!"

"నీ కోడి గోల ఇక్కడెందుకే?" అన్నాడు పడవల డెరామాన్. "తలకి డబ్బాడు నూనె పూశావు, అయినా ఏ పిల్లా నిన్ను చూడలేదు!"

ఫైరూజ్ తల తడుముకున్నాడు. పిల్లలు చాపల మీద పడి దొర్లుతున్నారు. నేనూ నవ్వాను. అక్క పోయాక నవ్వడం అదే మొదలు.

"ఇవీ పాంతున్లేనా?" ఫైరూజ్ ఉండబట్టలేక లేచాడు. "నీడకీ మాటకీ పొత్తుండొద్దూ? వినండి! పులుసులో పులుపు దండిగా పోశావు, చేపముక్క ఒక్కటీ వెయ్యలేదు!"

జనం ఈలలు వేశాకగానీ, తన మీది విమర్శను తనే పూర్తి చేశానని అతనికి తెలియలేదు.

"నాలుగూ అయ్యాయి! ఇక చెప్పరా బదులు!" అని మాక్ సూ గంతులేసింది.

అతను పడీపడీ నవ్వాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "టైమివ్వండి మాస్టారూ. కెమెరా పట్టుకుని ఆ తవ్వే కంపెనీ గేటు దాకా వెళ్లాలి. దీనికి బదులు అక్కడుంది," అన్నాడు.

ఇస్తామన్నాం. బదులు ఇంకా రాలేదు.