అభ్యర్థి వెనక కుర్చీ

పోయిన చలికాలం మా ఆయన ఆల్టన్ గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ పార చేతిలో ఉండగానే కూలబడ్డాడు. మా వీధి చివర ఫైర్ స్టేషన్ ఉంది, అందులో అంబులెన్స్ ఉంది కాబట్టి బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆసుపత్రిలో డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. ఆ స్టేషన్ని మూసేస్తామని మేయర్ తన బడ్జెట్లో పెట్టిన రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. దాని తర్వాతి స్టేషన్ రైలు పట్టాల అవతల ఉంది. గూడ్సు బండి అడ్డం వచ్చిందంటే అవతలివాళ్ళు అవతలే, ఇవతలివాళ్ళు ఇవతలే.

పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను మా పేట వారపత్రికలో నా మనసులో మాట రాస్తూ వస్తున్నాను. మెచ్చుకునేవాళ్ళూ చదువుతారు, తిట్టుకునేవాళ్ళు ఇంకా శ్రద్ధగా చదువుతారు. మేయర్ మావాడే. మా నల్లవాళ్ళ పేటలో, మా చర్చి మెట్లమీద పెరిగినవాడు. అందుకే స్టేషన్ గురించి నేను మొదటి వ్యాసం రాయగానే చర్చిలో పెద్దవాళ్ళు నన్ను పక్కకు పిలిచి, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది, తెల్లవాళ్ళ ముందు మనవాణ్ణి మనమే పలచన చేసుకుంటామా అన్నారు. ఇదే స్టేషన్ని తెల్ల మేయర్ మూస్తే వివక్ష, నల్ల మేయర్ మూస్తే పొదుపా అని మరుసటి వారం రాశాను. దాంతో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు.

అంతలో అధ్యక్ష ఎన్నికలు నెత్తిమీదికొచ్చాయి. మా రాష్ట్రం ఎటు ఒరిగితే దేశం అటు ఒరుగుతుందట. కాబట్టి నాలుగేళ్ళకోసారి మేం అందరికీ చుట్టాలమైపోతాం. వస్తారు, మా చర్చిలో తాళం తప్పి చప్పట్లు కొడతారు, మా వేయించిన చేపలు తిని వేళ్ళు నాకుతారు, ఏరు దాటాక తెప్ప తగలేస్తారు. ఈసారి వచ్చే అభ్యర్థికి మా రాష్ట్రంలో కుడిభుజం మా మేయరే. ఆయన గెలిస్తే ఈయనకు వాషింగ్టన్‌లో పెద్ద పదవి ఖాయమని ఊరంతా అనుకుంటోంది.

సభ మా చర్చిలోనే అని తెలిసిన మర్నాడు ట్రెమేన్ మా ఇంటికొచ్చాడు. మేయర్ దగ్గర పనిచేస్తాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో నా దగ్గర బైబిలు వాక్యాలు బట్టీపట్టినవాడు. వంటింట్లో కూర్చుని నేనిచ్చిన కేకు ముక్క తిని, వేదిక మీద అభ్యర్థి వెనక వరసల్లో నాకొక కుర్చీ ఉంచామన్నాడు. సరిగ్గా ఆయన కుడిభుజం వెనక, టీవీలో ఆయనతోపాటు కనబడే చోట.

"నేనెందుకు నాయనా?" అన్నాను.

"మిమ్మల్ని చూస్తే మన పేటంతా మేయర్ వెనకే ఉన్నట్టు ఉంటుంది సిస్టర్. మీరు ఆ కుర్చీలో కూర్చోండి. ఎన్నికలయ్యేదాకా స్టేషన్ మాట రాయకండి. స్టేషన్ మూతపడకుండా చూసే పూచీ నాది."

"నీదా, ఆయనదా?"

"ఆయన చెప్పమంటేనే చెబుతున్నాను."

ఆల్టన్ పక్కగదిలోంచి అంతా విన్నాడు. నీ ఇష్టం అని మాత్రం అన్నాడు. ఆ మాటకు అర్థం ఆయన ఇష్టం కాదని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. ఆ వారం నా వ్యాసంలో గుమ్మడికాయ కేకు చెయ్యడం ఎలాగో రాశాను. సంపాదకుడు ఫోన్ చేసి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

సభ రోజు నా ఎర్ర టోపీ పెట్టుకుని వెళ్ళాను. చెవిలో వైరు పెట్టుకున్న, అభ్యర్థి తరఫున వచ్చిన బ్రిన్ అనే తెల్లపిల్ల మమ్మల్ని పూలకుండీలు సర్దినట్టు సర్దింది. ఒక ముసలావిడ, ఒక మాజీ సైనికుడు, చంటిపిల్లతో ఒక తల్లి. అందరం నల్లవాళ్ళమే అయితే మిగతా రాష్ట్రం ఏమనుకుంటుందోనని మధ్యలో ఇద్దరు తెల్లవాళ్ళు. చేత్తో రాసినట్టు కనబడే నినాదాల అట్టల్ని బ్రిన్ మనుషులే రాసి తెచ్చి మాకు పంచారు. ఇంటి దగ్గర రాసుకొచ్చినవి ద్వారం దగ్గరే లాక్కున్నారు. ఫోన్లు కట్టెయ్యమన్నారు. నేను కట్టెయ్యలేదు. శబ్దం తీసేసి గౌను జేబులో పెట్టుకున్నాను.

లోపలికి వస్తున్నప్పుడే ఒకటి చూశాను. చర్చి పక్కన నిలబెట్టిన అంబులెన్స్ మా వీధి చివరిదే. డ్రైవర్ నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఆల్టన్‌కి ఏమైనా అయితే ఎవరొస్తారని అడిగాను. అభ్యర్థి కార్ల వరస వెళ్ళేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదని ఉత్తర్వు, పట్టాల అవతలివాళ్ళు రావాలి అన్నాడు. అటువైపు వీధులన్నీ పోలీసులు మూసేశారు. ఏ బండి కోసం నేను నోరు కట్టేసుకున్నానో ఆ బండిని నా కళ్ళముందే వేరే గుండెకు కాపలా పెట్టారు. అయినా వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

అభ్యర్థి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు సగం మాటలు చెవికెక్కలేదు. పొద్దున ఆల్టన్ మాత్ర వేసుకున్నాడో లేదో గుర్తుచేసుకోవడంతోనే సరిపోయింది. వరండా ఊడుస్తానన్నాడు, వద్దని చెప్పానా లేదా?

"మీ మేయర్ ఈ పేటను కంటికి రెప్పలా కాపాడుతున్నారు" అన్నాడు అభ్యర్థి. బ్రిన్ కింద నుంచి సైగ చేసింది. నేను తలాడించాను. ఒకసారి కాదు, చాలాసేపు ఆడించాను.

అప్పుడు జేబులో ఫోన్ వణికింది. ఆగి, మళ్ళీ వణికింది. ఆల్టన్ చెయ్యి కాలినా ఫోన్ చేసే మనిషి కాదు. ఇల్లు కాలినా ముందు నాకు ఉత్తరం రాసే రకం. మూడోసారి వణికేసరికి నా కాళ్ళు నన్ను అడగకుండానే లేచాయి.

ప్రార్థన మధ్యలో లేచి వెళ్ళాలంటే మా చర్చిలో ఒక పద్ధతుంది. చూపుడువేలు పైకెత్తి, తల వంచుకుని, మన్నించమన్నట్టు మెల్లగా నడవాలి. పుట్టినప్పటినుంచి అలవాటైన వేలు కదా, దానంతటదే లేచింది. అభ్యర్థి భుజం వెనక నుంచి వేలెత్తుకుని దిగాను. బ్రిన్ అది గెలుపు గుర్తు అనుకుందో ఏమో, నవ్వుతూ తనూ వేలెత్తింది.

నా వెనక కుర్చీ చప్పుడైంది. చూస్తే సిస్టర్ డెలోరిస్ లేచింది. స్టేషన్ సంగతి రాసినందుకు నాతో మాట్లాడటం మానేసిన మనిషి. ఆమె వేలెత్తింది. తర్వాత మాజీ సైనికుడు, తర్వాత చంటిపిల్ల తల్లి. నేను నిరసనగా లేచాననుకున్నారు. అందరూ తలలు వంచుకుని, వేళ్ళెత్తుకుని, ఒకరి వెనక ఒకరు దిగొచ్చేశారు. వేదిక మీద ఆ తెల్లవాళ్ళిద్దరే మిగిలి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

నేను ఆగి ఎవరికీ ఏమీ చెప్పలేదు. టోపీ చేత్తో పట్టుకుని పరిగెత్తాను. ఫోన్ చేస్తే ఆల్టన్ ఎత్తడు. అడ్డుకర్రల దగ్గర పోలీసు ఆపబోయి, నా మొహం చూసి తప్పుకున్నాడు. దారి పొడవునా దేవుడితో బేరాలాడుతూనే ఉన్నాను.

ఆల్టన్ కుర్చీలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ టీవీ చూస్తున్నాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తవు?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"టీవీలో వేదికంతా ఖాళీ అవుతుంటే చూస్తూ ఉండిపోయాను."

"మరి అన్నిసార్లు ఎందుకు చేశావయ్యా?"

"ఆయన మేయర్‌ని పొగుడుతుంటే నువ్వు తలాడించావు వెర్నీటా. పిచ్చిగాని పట్టిందా అని అడుగుదామని."

చేతిలో ఉన్న టోపీ తీసి ఆయన మీదికి విసిరాను.

సాయంత్రానికి ఆ ఖాళీ కుర్చీలు దేశమంతా చూసింది. నల్లవాళ్ళ మనసులో ఏముందో టీవీల్లో తెల్ల కోట్లవాళ్ళూ నల్ల కోట్లవాళ్ళూ పోటీలుపడి చెప్పారు. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. పేటలో జనం మా ఇంటికి వంటకాలు తెచ్చి, నీ ధైర్యమే ధైర్యం అంటూ కౌగిలించుకున్నారు. ట్రెమేన్ ఫోన్ చేసి, మీరు చేసినదానికి ఇక నా చేతిలో ఏమీ లేదు సిస్టర్ అని పెట్టేశాడు. తెలివితక్కువగా లేచి మొగుడి ప్రాణం నా చేతులారా తీశానేమోనని నాకు తిండి సహించలేదు. ఆల్టన్ మెట్లెక్కితే ఆయన ఊపిరి లెక్కపెట్టేదాన్ని, ఆయన దగ్గితే చెంచా కింద పడేసేదాన్ని. వచ్చినవాళ్ళు ధైర్యం అన్నప్పుడల్లా తల దించుకున్నాను. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

వారం తిరక్కుండా మేయరే వచ్చాడు, ఒంటరిగా. బాగా చిక్కిపోయాడు. మా వరండాలో నిలబడి, ఏం చేస్తే మా పేటవాళ్ళు ఓటుకు కదులుతారని అడిగాడు. అంబులెన్స్ అన్నాను.

"ఉంటుంది. నేను మేయర్‌గా ఉన్నంతకాలం దాన్ని ఎవరూ కదపరు" అన్నాడు.

"మరి వాషింగ్టన్ ఎప్పుడెళ్తున్నావు బాబూ?" అని అడిగాడు ఆల్టన్.

మేయర్ నవ్వేసి కారు తాళాలు బయటికి తీశాడు. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, చిన్నప్పటినుంచీ మీరంటే నాకు భయమే, ఎందుకో ఆ రోజు అర్థమైంది అన్నాడు.

కారు మలుపు తిరిగేదాకా ఆల్టన్ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నేను ఫోన్ చెయ్యకపోతే లేచేదానివా?"

ఇన్ని రోజుల్లో ఆ ఒక్క ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"లేచేదాన్ని కాదు. చివరిదాకా కూర్చుని, ఆ అభ్యర్థితో ఫొటో కూడా దిగి వచ్చేదాన్ని" అన్నాను.