చోటు చాలని పంక్తి

మా వంటింటి తలుపు లోపలివైపున ఒక కాగితం అంటించి ఉండేది. చాతుర్మాస్య నియమాలు నా చేతివ్రాతతో అందులో ఉన్నవి. ఆషాఢ ఏకాదశి మొదలు ఒక నెల కూరలు, ఆకులు, పండ్లు వర్జ్యం. రెండవ నెల పెరుగు, మూడవ నెల పాలు, నాల్గవ నెల పప్పులు. ఈ కథ జరిగిన ఏటికి ఇరవై రెండేండ్ల ముందు మూలగ్రంథం ఎదుట పెట్టుకొని వ్రాసిన ఆ కాగితమే మా ఇంటికి శాసనం. నా భార్య యశోదమ్మ అక్షరాలు కూడబలుక్కొని చదువుతుంది, కానీ ఆ కాగితం మాత్రం ఆమెకు కంఠస్థం.

రెండువేల రెండవ సంవత్సరంలో ఆషాఢం వచ్చినా మబ్బు రాలేదు. వేరుశనగ విత్తనం మూటలలోనే ఉండిపోయింది. పామిడి వద్ద పెన్నలో ఇసుక తప్ప మరేమీ లేదు. మా పెరటిలో మాత్రం అంట్లు కడిగిన నీళ్ళతో బ్రతికే మునగచెట్టు ఒక్కటే పచ్చగా ఉండేది.

వ్రతం పట్టిన ఐదవ నాడు నర్సు సారా వచ్చింది. మా కోడలు ప్రశాంతికి అప్పుడు ఎనిమిదవ నెల. సారా ఆమె కనురెప్పను క్రిందికి లాగి చూసింది. వ్రేలు గుచ్చి, రక్తపుచుక్కను గాజుగొట్టంలో కలిపి, వెలుతురుకెత్తి చూసింది.

"నెత్తురు ఆరున్నరే ఉండాది ప్రశాంతమ్మా. పోయిన నెల ఏడున్నర ఉన్న్యాది. మాత్రలు మింగుతాండావా?"

"మింగుతాండానక్కా. ఖాళీ కడుపుకు పడక వాంతి అయిపోతాండాది."

"పొద్దున ఏం తిన్న్యావు?"

"మిరియాల చారు, అన్నం."

"రాత్రి?"

"అదే అక్కా."

"ఆకుకూర యాడ? కాయగూర యాడ? నేను చెప్పిన రాగిముద్ద, నువ్వులుండ?"

ప్రశాంతి తలుపు మీది కాగితం వైపు చూసింది. జవాబు యశోదమ్మ చెప్పింది. "వ్రతంలో ఉండాము సారా. ఈ నెలంతా ఆకు ముట్టగూడదు. రాగిముద్ద కూలోళ్ళ తిండి, మా ఇంట్లో ఎప్పుడూ లేదు."

"అమ్మా, మీ మునగాకును వీధిలో మేకలు తింటాండాయి. వాటికి నెత్తురు బాగనే ఉండాది, మీ కోడలికే లేదు."

"నాలుక అదుపులో పెట్టుకో సారా!"

"పెట్టుకుంటాలే. ఈ మాట ఒక్కటి వినండి. కాన్పులో కొంచెం ఎక్కువ పోతే ఈ మనిషి నిలవదు. ఎనిమిదికి తక్కువుంటే మా డాక్టరమ్మ ఈడ చేయనంటాది. నెలలోపల మళ్ళీ చూస్తా."

సారా వెళ్ళిపోయింది. పూజగదిలో కూర్చొని ఇదంతా విన్న నేను జపమాలను వదలలేదు. భగవంతుడు చూసుకుంటాడని నాకు నేనే చెప్పుకున్నాను.

యశోదమ్మ మొండితనానికి వెనుక ఒక భయం ఉంది. రెండేండ్ల క్రిందట ఇదే నెలలో ప్రశాంతి పుట్టింట గోంగూర తిన్నది. పక్షం తిరగకముందే ఐదవ నెల గర్భం పోయింది. ఆ రెండింటినీ యశోదమ్మ ముడి వేసుకున్నది. ప్రశాంతి కూడా వేసుకున్నది. అందుకే ఈసారి అత్తకంటె కోడలే నియమం గట్టిగా పాటిస్తున్నది.

సారా వచ్చిపోయిన మూడవ నాడు తులసికోటకు నీళ్ళు పోస్తూ ప్రశాంతి కూలిపోయింది. చెంబు దొర్లిన చప్పుడుకు నేను పరుగెత్తాను. పెదవులు సున్నం వలె ఉన్నవి. మొగం మీద నీళ్ళు చల్లితే కండ్లు తెరిచి, మొదట కడుపు మీద చేయి వేసుకొని చూసుకున్నది. తరువాత నన్ను అడిగింది.

"మామా, నియమమేమన్నా తప్పినానా?"

నేను ఆమెను లేపి నీడలో కూర్చోబెట్టాను.

లోపలికి పోయి గ్రంథం తీశాను. ఆమెకు ధైర్యం చెప్పే మాట ఏదైనా దొరుకుతుందని తీశాను, అంతే. వ్రతప్రకరణం చివర ఒక పంక్తి క్రింద నా పెన్సిలు గీత ఉంది. గర్భిణులకు, బాలురకు, వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు ఈ నియమాలు లేవని ఆ పంక్తి అర్థం. గీత చూడగానే ఆనాటి తలపు తిరిగి వచ్చింది. కాగితం అడుగున ఇంకొక పంక్తికి చోటున్నది. వ్రాస్తే ప్రతివారూ తలనొప్పి అని తప్పుకుంటారని నేనే వ్రాయలేదు. చోటు చాలలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. గుడిలో నేను పురాణం చెప్పిన ఇన్నేండ్లలోనూ ఆ పంక్తి వచ్చినప్పుడు పుట త్రిప్పేవాడిని.

గ్రంథం చేతబట్టుకొని వంటింటికి వెళ్ళి యశోదమ్మకు అది చదివి వినిపించాను. ఆమె కట్టెపుల్ల కింద పెట్టి నా వంక చూసింది.

"ఇరవై రెండేండ్లు లేని మాట ఇప్పుడు యాడనుంచి వచ్చె?"

"ఉన్నది. నేనే వ్రాయలేదు."

"కోడలు పడిపోయిందని కల్పిస్తాండారా?"

"యశోదా, నేను ఎన్నడైనా కల్పించి చెప్పినానా?"

"చెప్పలేదు. అందుకే కాగితంలో ఉండేదే నమ్ముతా." ఆమె పొయ్యి వైపు తిరిగింది. "ఒక బిడ్డ పోయినాది. ఇంకొకటి నేను పోగొట్టుకోలేనప్పా."

వెనుక గోడకు చేరగిలి నిలిచిన ప్రశాంతి కూడా, "వద్దు మామా, నాకు భయం" అన్నది.

నా చేతివ్రాతతో నేను కట్టిన గోడ నన్నే లోపలికి రానివ్వలేదు. ఇక చదివి చెప్పి ప్రయోజనం లేదు. పెరటికి వెళ్ళి దోటితో మునగకొమ్మ వంచాను. స్నానం చేసి, మడి కట్టుకొని, ఆకు దూసి, పెసరపప్పుతో ఉడికించాను. నాకు వంట అలవాటు లేదు. ఉప్పు ఎక్కువైంది. ఆకు వాసన ఇల్లంతా నిండుతుంటే యశోదమ్మ గడప దగ్గర కదలకుండా నిలుచున్నది.

రెండు విస్తర్లు వేసి, ప్రశాంతిని ఒకదాని ముందు కూర్చోబెట్టి, రెండవదాని ముందు నేను కూర్చున్నాను.

"మామా, మీరేంటికి?" అన్నది ప్రశాంతి కంగారుగా.

"నలభై ఏండ్లుగా నేను పట్టిన వ్రతమిది. నాకు డెబ్బై రెండు. ఆ పంక్తిలో వృద్ధులు అనే మాట కూడా ఉన్నది తల్లీ. అబద్ధమైతే ఆ పాపం మొదట నాకే తగులుతుంది."

స్వామిని తలచుకొని మొదటి ముద్ద మింగాను. ప్రశాంతి నా మొగం చూస్తూ కూర్చున్నది. ఏం జరుగుతుందోనని చూస్తున్నది. ఏమీ జరగలేదు. చెట్టు మీద కాకి ఒకటి అరిచింది. నేను రెండవ ముద్ద కలిపాను, మూడవది కలిపాను. అప్పుడు ఆమె చేయి విస్తరి మీదికి వచ్చింది.

ఇద్దరం సగం తిన్నాక మా విస్తర్ల నడుమ ఒక నిమ్మబద్ద వచ్చి పడింది. తల ఎత్తేసరికి యశోదమ్మ పక్కకు తిరిగి నిలబడి ఉన్నది.

"పులుపు పిండుకుంటే ఆకు ఒంటికి బాగా పడతాదని సారా పోయినసారి చెప్పినాది" అన్నది గోడతో. ఆ నెలలో నిమ్మ కూడా వర్జ్యమే.

మరునాటి నుండి వంట ఆమెదే. రాగిసంగటి గెలకడం ఎట్లాగో పొలానికి వచ్చే కూలివాళ్ళను అడిగి నేర్చుకున్నది. నువ్వులు, బెల్లం దంచి ఉండలు కట్టింది. భోజనమయ్యాక మాత్ర చేతిలో పెట్టి, మింగేవరకు కదిలేది కాదు. ఆమె మాత్రం ఆ ఏడు వ్రతం విడువలేదు. నేనూ విడువమని అడగలేదు.

నాలుగవ వారం సారా వచ్చి గొట్టం వెలుతురుకెత్తింది.

"ఎనిమిదీ పాయింటు రెండు" అన్నది సారా. "చాలదు, కానీ డాక్టరమ్మ కాదనదులే. తిండి ఆపొద్దు."

యశోదమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకొని నేరుగా వంటింటి తలుపు దగ్గరికి నడిచింది. కాగితం ఊడదీసి తెచ్చి నా ముందు పెట్టింది.

"మళ్ళీ రాయండి. ఆ మాట అడుగున వద్దు. పైన పెట్టండి."