ముందు ఒకటి రెండు చూద్దాం

ఆమె పెద్దవాళ్లకు ఈత నేర్పే టీచరు. నీళ్లను చూస్తేనే కాళ్లు వణికే ఆడవాళ్లను కుడిచెయ్యి నడుం కింద ఆనించి తేల్చేది. ఆ చేతివైపు రొమ్ములోనే చిన్న గడ్డ తగిలింది. సూది పరీక్షలో క్యాన్సరని తేలింది.

సర్జన్ దగ్గరికి ఆడపడుచు తోడొచ్చింది. దారిపొడుగునా తనే ఏడుస్తూ, "నువ్వు ఏడవకు వదినా" అని ధైర్యం చెబుతూనే ఉంది. టీచరు కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

గడ్డ తీసెయ్యడం పెద్ద పని కాదనీ, తేలాల్సిన సంగతి చంకలో ఉందనీ సర్జనమ్మ చెప్పింది. ఈ జబ్బు పాకితే ముందుగా చేరేది అక్కడి లింఫు గ్రంథులకే. పాకిందో లేదో కొయ్యకుండా తెలియదా అని టీచరు అడిగింది. ఖాయంగా తెలియదు, అంచనా వెయ్యొచ్చు అంటూ ఆవిడ గడ్డ సైజూ, రకమూ, వయసూ, స్కానింగులో చంక ఎలా కనబడిందో అదీ కంప్యూటర్‌లో ఎక్కించింది. పాకి ఉండే అవకాశం తక్కువేనని వచ్చింది.

"తక్కువో ఎక్కువో, ఉన్నవన్నీ పీకెయ్యండి డాక్టరుగారూ. పీడా వదిలిపోతుంది," అంది ఆడపడుచు.

అన్నీ తీసేస్తే చెయ్యి వాచి, బరువెక్కి, జన్మంతా సతాయించొచ్చని సర్జనమ్మ ఓపిగ్గా చెప్పింది. అలాగని అంచనాను నమ్ముకుని చంకను పూర్తిగా వదిలెయ్యడానికీ ఆవిడకు మనసొప్పలేదు.

"గడ్డ దగ్గర నీలం మందు ఎక్కిస్తాం. జబ్బు పాకే దారిలోనే అదీ పోతుంది. అది ముందుగా చేరిన గ్రంథులు ఒకటి రెండు తీసి పరీక్షకు పంపుతాం. అవి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోం."

టీచరు కుడిచేతి వేళ్లు ఒకసారి ముడిచి, తెరిచి, సరేనంది.

ఆపరేషన్ సాఫీగా అయింది. మర్నాడు పొద్దున ఆడపడుచు ఆమెను పట్టుకుని బాత్రూమ్‌కి తీసుకెళ్లింది. పని అయ్యాక చూస్తే కమోడ్‌లో నీళ్లు నెమలికంఠం రంగు. ఆడపడుచు వరండాలో పరుగుతీసి, ఒంటి చెప్పుతో నర్సు ముందు ప్రత్యక్షమై, తన వదిన లోపల్లోపల రంగు మారిపోతోందని చెప్పింది. ఎక్కించిన మందు బయటికి పోయే దారి అదేననీ, ఈ సంగతి నిన్ననే టీచరుకు చెప్పాననీ నర్సు అంది. ఆడపడుచు తిరిగొచ్చేసరికి టీచరు గోడకు ఆనుకుని, కుట్లు లాగుతున్నాయని మూలుగుతూనే పగలబడి నవ్వుతోంది.

రిపోర్టు వచ్చిన రోజు ఇద్దరూ మళ్లీ సర్జనమ్మ గదిలో కూర్చున్నారు. తీసిన గ్రంథులు రెండూ శుభ్రం. చంకలో ఇంక కోత లేదు. రేడియేషనూ, మాత్రలూ సరిపోతాయి. టీచరు అప్పుడు ఏడ్చింది. ఆడపడుచు ముందు సర్జనమ్మను, తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ ముక్కూ మొహం తెలియని పెద్దాయన్ని కావలించుకుంది. ఆయన కంగారుపడి ఆమెకు శుభాకాంక్షలు చెప్పాడు.

"చంకలు గుద్దుకోవాలనుంది గానీ ఒకటి కుట్లతో ఉంది," అంది టీచరు.

ఆ మాటతో ఆడపడుచు నవ్వు ఆగలేదు. అన్నకు ఫోన్ చేసింది కానీ నవ్వో ఏడుపో తెలియని చప్పుడు తప్ప మాట రావడం లేదు. అవతల ఆయన గొంతు పెరిగిపోతోంది. టీచరు ఫోన్ లాక్కుంది.

"నాకేం లేదండీ. చంకలోకి పాకలేదు. మీ చెల్లెలికే కాస్త తేడా కొట్టింది," అంది.