చివరి కుళాయి దగ్గర సున్నా

కుళాయి నీళ్లు పరీక్షించే చుక్కలమ్మ తన మందు చుక్కలు వేసినప్పుడు నీళ్లు పసుపు రంగుకు తిరిగితే వాటిలో విషం ఉన్నట్టేనని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ మాట మొదట ఎవరన్నారో మాత్రం ఎవరికీ తెలియదు. పసుపు తేలిన రోజున మొదటి బిందెను మురికికాలువలో కుమ్మరించేవారు. రెండో బిందెలో విషం ఉండదని కూడా అందరికీ తెలుసు.

ఆ ఉదయం ఆమె వీధి చివరి కుళాయి కింద చిటికెనవేలంత గాజు గొట్టాన్ని మూడోసారి కడుగుతోంది. మందు తగిలి తగిలి ఆమె బొటనవేలి గోరు అంచు గోధుమరంగుకు మారింది. గీత దాకా నీళ్లు, ఐదు చుక్కలు, మూత. ఒకసారి తలకిందులు చేసి తెల్ల కాగితం ముందు పట్టుకోవడం. నీటి శుద్ధి కేంద్రంలో ఆరు నెలల పనికని చేరి పందొమ్మిదేళ్లయింది. రోజుకు ఇరవై రెండు కుళాయిలు. ఇంట్లో మంచినీళ్లిచ్చినా వెలుతురుకు పట్టి చూస్తుందని భర్త ఎగతాళి చేస్తాడు.

రంగు రాలేదు. పారబోసి, కడిగి, మళ్లీ పట్టింది. మళ్లీ రాలేదు.

"అబ్బ, ఇవాళ తేటగా ఉన్నాయి! నీ నోట్లో చక్కెర పొయ్య," అంటూ చివరింటి పెద్దావిడ బిందె ముందుకు జరిపింది.

"పట్టకు పెద్దమ్మా."

"అదేంటే! విషం లేని రోజే పట్టొద్దంటావా?"

"రంగు విషానిది కాదు. పురుగుల్ని చంపే క్లోరిన్ నీళ్లలో మిగిలుంటేనే పసుపు తేలేది. ఇవాళ బొత్తిగా మిగల్లేదు. దారిలో ఏ మురికో కలిసి తినేసింది."

"ఇన్నేళ్లకు ఇప్పుడా చెప్పడం?"

"ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది."

ఆమె సూపర్‌వైజరుకు ఫోను చేసింది.

"చివరి కుళాయిలో సున్నా సార్."

"సున్నా రాయకమ్మా. పై వీధిలో నీళ్లు పట్టి, అక్కడ ఎంతొస్తే అది రాసెయ్."

"పక్కింటి పిల్లాడి మార్కులు మావాడికి వేసుకున్నట్టుంటుంది సార్."

"వెటకారం ఒకటి నీకు! రేపు తనిఖీ ఉంది. సున్నా రాశావంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆమె రిజిస్టరు తెరిచి సున్నా రాసింది. ఎప్పటికంటే పెద్దగా, గుండ్రంగా రాసింది. తరువాత వీధి మొదటికి నడిచి, వాల్వు మీది ఇనుప మూత ఎత్తింది. అది ఆమె పని కాదు. తిప్పే కడ్డీ మీద ఒంటి బరువంతా మోపి పదకొండు చుట్లు తిప్పేసరికి కుళాయిలన్నీ ఆగిపోయాయి.

ఖాళీ బిందెలు గుమిగూడాయి.

"చుక్కలమ్మ పట్టపగలే చుక్కలు చూపిస్తోందర్రా!"

"విషమున్న రోజు వదిలి, లేని రోజు కట్టేస్తావా? నీకేమన్నా తిక్కా?"

ఆమె మూత వేసి, దానిమీద కూర్చుంది. "నన్ను లేపి తిప్పుకోండి," అంది. ఎవరూ లేపలేదు.

సున్నాకు కదలని కార్యాలయం, నీళ్లు రావడంలేదన్న కేకలకు రెండు గంటల్లో కదిలింది. గునపాలతో వచ్చినవాళ్లకు ఆమె కాలువ పక్కన కుంగిన నేలను చూపింది. మోకాలి లోతున పైపు కనిపించింది. దానికి అరచేయంత పగులు. పగులు చుట్టూ కాలువలోంచి ఊరిన నల్లటి నీళ్లు. బిందెలవాళ్లు తొంగిచూసి, ముక్కులు మూసుకున్నారు. క్షమించమని ఎవరూ అనలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు.

సాయంత్రం ఆమె కార్యాలయంలో పరీక్ష సామాన్ల సంచి అప్పగించింది. సూపర్‌వైజరు ఒక్కొక్కటే బల్లమీద పెట్టి చూశాడు.

"ఒక గొట్టం, ఒక మందు సీసా తక్కువున్నాయే?"

"పగిలాయని రాసుకోండి."

పందొమ్మిదేళ్లలో ఆమె రాయించిన తప్పుడు లెక్క అదొక్కటే. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ ఆ వీధికి రాలేదు.

నాలుగోనాడు కొత్త పైపులో నీళ్లు వదిలారు. చివరింటి పెద్దావిడ కొంగుచాటు నుంచి గాజు గొట్టం తీసి, మూడుసార్లు కడిగింది. "మందు చేతికంటకూడదు, చూసిన నీళ్లు పారబొయ్యాలి," అని ఆ రోజు చుక్కలమ్మ గొట్టంతోపాటు తనకు అప్పజెప్పిన మాటల్ని గొణుక్కుంటూ సీసాలోంచి ఐదు చుక్కలు వేసింది. బిందెలవాళ్లు చుట్టూ మూగారు. నీళ్లు మెల్లగా పసుపు తేలాయి.

అలవాటు కొద్దీ ఒకామె తన బిందెను కాలువవైపు వంచబోయింది.

"కుమ్మరించావంటే ఊరుకోను! పట్టుకోండర్రా," అంది పెద్దావిడ.

పిట్టగోడ మీద గాజు గొట్టం నిలబడి ఉంది. అందులో లేత నిమ్మపండు రంగు. తాగదగిన నీళ్ల రంగు.