పెరటి బండలకు చెప్పిన ధర

మా తమ్ముడికి నీళ్లు జోరుగా కొట్టి కడిగే మిషన్ పట్టుకుంటే ఎంత ధైర్యమో, ధర చెప్పమంటే అంత పిరికితనం. పాచి పట్టిన బండల్ని పూటలో అద్దంలా చేస్తాడు. "ఎంతవుతుంది?" అని అడిగితే మాత్రం "మీ ఇష్టమండీ" అంటాడు. జనం ఇష్టం ఎప్పుడూ కిందికే పోతుంది. అందుకే ఆ పని నేను తీసుకున్నాను. వాడు ఫోటోలు పంపుతాడు, నేను గిన్నెలు తోముకుంటూ ధర కడతాను. గజానికి ఇంత, నాచు ముదిరితే ఇంకాస్త, కుళాయి దూరమైతే మరికాస్త, చివర్లో బేరానికని కొంత కొవ్వు. డిగ్రీలో చదివిన ఎకనామిక్స్ ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

వీధి చివర నర్సక్క పెరటి ఫోటో వచ్చినప్పుడు, ఆ కొవ్వు దగ్గరే నా బుద్ధి గడ్డి తిన్నది.

నర్సక్క బేరమంటే వీధిలో పేరు. ఆవిడ గేటు తెరిచిన చప్పుడికి కూరగాయల బండివాడు బండి తిప్పుకుంటాడు. ఎలాగూ సగానికి కోస్తుందని, రెండు వేల పనికి ఫోన్‌లో నాలుగు వేలన్నాను. ఆవిడతో ఒక పట్టు పట్టి చూడాలన్న సరదా కూడా ఉంది, అబద్ధమెందుకు!

"సరే అమ్మాయ్, రేపు పంపించు," అంది.

"అదేంటక్కా, బేరమాడవా?"

"మనవాళ్ల దగ్గర బేరమేంటే? నువ్వు చెప్పావంటే సరిగ్గానే చెప్పుంటావ్." ఫోన్ పెట్టేసింది.

మా అత్తగారు మంచాన పడ్డప్పుడు, ఆసుపత్రి డ్యూటీ దిగి ఇంటికైనా పోకుండా వచ్చి సూది వేసి వెళ్లిన మనిషి ఆవిడ. డబ్బివ్వబోతే "మళ్లీ చూపించావంటే ఆ సూది నీకే పొడుస్తా" అంది. ఇదంతా నాకు ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు దొరకడంలో నాకు లోటు లేదు.

ధర తగ్గించాలంటే పెంచానని ఒప్పుకోవాలి. అంతకంటే పని పెంచడం తేలికనిపించింది. మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసి, బండలయ్యాక మెట్లు, గేటు, ప్రహరీ గోడ కూడా కడిగెయ్యమన్నాను.

"గోడ పాతదక్కా. సున్నం మీద రంగేశారు, కొడితే లేస్తుంది."

"మెల్లగా కొట్టరా."

"అసలు గోడకి ధర చెప్పలేదుగా?"

"చెప్పిన పని చెయ్యి. లాయర్‌లా అడక్కు."

మధ్యాహ్నం ఫోన్‌లో వాడి కంగారు గొంతు విని పరుగెత్తాను. గోడ రంగు పొలుసులు పొలుసులుగా ఊడి బండల మీద పడి ఉంది. తమ్ముడు నిలువునా తడిసి, తల వంచుకుని నిలబడ్డాడు. నర్సక్క వాడికి తువ్వాలు అందిస్తోంది.

"నా వల్లే మేడమ్," అంటున్నాడు వాడు.

"నీ తప్పేముందిరా? నా గోడే అంత ముసలిది. పాపం, అడగని పని కూడా చేశాడే అమ్మాయ్! ఇంకో ఐదొందలు కలిపిస్తాను," అని పర్సు తీసింది.

వాడు నా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే ఇంకొంచెం సేపు బొంకేదాన్నేమో.

"అక్కా, ఆ డబ్బు లోపల పెట్టు. పని రెండు వేలదే. నువ్వు బేరమాడతావని రెండింతలు చెప్పాను. ఆడలేదు. అది పూడ్చడానికి గోడ కడగమన్నాను. వీడు వద్దనే అన్నాడు."

నర్సక్క పర్సు మూసింది. గోడని చూసింది, తర్వాత నన్ను.

"రెండు వేలన్నమాట. గోడకి రంగెవరిస్తారు?"

"మేమే అక్కా."

"కూలీ?"

"అదీ మేమే."

"గేటు సరిగ్గా కడగలేదు. పదిహేను వందలిస్తాను. కుదిరితే చెప్పండి, లేకపోతే లేదు."

"కుదిరింది," అన్నాను, గబగబా.

ఆవిడ డబ్బు తమ్ముడి చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

పైపు చుట్టుకుని వీధిలోకి వచ్చాం. లెక్క తేలింది, రంగు డబ్బాలు నా ఇంటిఖర్చులోంచి పోతాయి, న్యాయమే. బరువు దిగాలి. దిగలేదు.

"అబ్బ, ఏం బేరమాడిందక్కా!" అన్నాడు తమ్ముడు, తల తుడుచుకుంటూ.

"అవునురా," అన్నాను. "బండివాడితో ఆడినట్టే ఆడింది."