భూలక్ష్మి పెంచిన పాచి

మామిడికుదురు నుంచి నగరం అనే ఊరికి వెళ్లే దారిలో ఇద్దరు అన్నదమ్ములు ఒకే ఇంటిని మధ్యలో గోడ కట్టి పంచుకున్నారు. తూర్పు వాటాలో పెద్దవాడు రాజేంద్రప్రసాద్, అతని భార్య భూలక్ష్మి. పడమటి వాటాలో చిన్నవాడు మురళీమోహన్, అతని భార్య సత్యప్రియ, వాళ్ల ఏడేళ్ల పాప లిఖిత. దొడ్డి మాత్రం పంచుకోలేదు. నుయ్యి, రుబ్బురోలు, బట్టలుతికే బండ ఇప్పటికీ అందరివీ.

ఆ దొడ్లో భూలక్ష్మికి ఒక పిచ్చి ఉండేది. గాలివానకు విరిగిపడిన మామిడి కొమ్మల మీద, ముసలి కొబ్బరి మొదళ్ల మీద బూడిదరంగులో, లేతాకుపచ్చలో పొరలుగా అంటుకుని ఉండే పాచిని ఏరి తెచ్చి పెంచేది. అది పాచి కాదనీ, లైకెన్ అంటారనీ, బూజూ నాచూ ఒకే ఒంట్లో కాపురం చేస్తే అలా అవుతుందనీ అమలాపురం కాలేజీలో చదివే కూతురు యామిని చెప్పింది. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఆ జాతిదేనట. పేరు తెలిశాక కూడా ఆవిడ దాన్ని ముద్దుగా పాచి అనే అనేది.

ఎండ నేరుగా పడని గోడవారన కొమ్మల ముక్కలను పీచుతాడుతో కట్టి వేలాడదీసింది. బోరు నీళ్లు ఉప్పన, అవి పడితే పాచి పాలిపోయేది. అందుకని చూరు నీళ్లు పట్టి ఉంచి, ఇస్త్రీ బట్టల మీద కొట్టే స్ప్రే సీసాతో పొద్దున్నే మంచులా చల్లేది. మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు. ఊరికే ముట్టుకోకుండా ఉండటమే దానికి చేసే పెద్ద సేవ. తడి తగలగానే బూడిదరంగు పొర కళ్లముందే పచ్చబడుతుంటే, కాఫీ చల్లారిపోతున్నా అలా చూస్తూ నిలబడిపోయేది. ఒకసారి రాలిన తునకలను తడిపిన పాత పెంకు మీద రుద్ది వదిలేసింది. చాలాకాలం ఏమీ కనబడలేదు. మూడో ఏటి వానల్లో ఆవగింజంత చుక్క తేలింది. అది సాగి సాగి రూపాయి బిళ్లంత అయింది. మిగతావన్నీ ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చినవి. ఆ పెంకు మీదిది మాత్రం ఆవిడ పుట్టించినది.

సత్యప్రియకు ఆ గోడ వైపు చూస్తేనే ఒళ్లు జలదరించేది. లిఖితకు ఉబ్బసం. చలికాలం వస్తే పిల్ల గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇంట్లో చెమ్మా బూజూ లేకుండా చూసుకోమని డాక్టరు చెప్పినప్పటి నుంచి బూజు అనే మాట ఆమె బుర్రలో పాతుకుపోయింది. మొదట మర్యాదగానే అడిగింది. ఇది ఆ బూజు కాదు, ఇది ఎగిరి ముక్కుల్లోకి పోయేది కాదని భూలక్ష్మి కూడా మర్యాదగానే చెప్పింది. మళ్లీ అడిగినప్పుడు అదే చెప్పింది. ఆ తర్వాత అడిగినప్పుడు మాత్రం ఏమీ చెప్పకుండా, వినబడనట్టు స్ప్రే కొట్టుకుంటూ ఉండిపోయింది. ఆ మౌనమే సత్యప్రియను కాల్చింది.

డిసెంబరులో పిల్లకు బాగా ఎక్కువైంది. పెదవులు నల్లబడితే అమలాపురం ఆసుపత్రికి తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టించారు. మర్నాడు పొద్దున్న పిల్లను నర్సుకు అప్పగించి, మార్చే బట్టల కోసం సత్యప్రియ మొగుడితో ఆటోలో ఇంటికి వచ్చింది. దొడ్లో తీగ మీద పిల్ల గౌను ఆరుతోంది. దాని వెనకే, అప్పుడే తడిసి పచ్చగా మెరుస్తూ, ఆ గోడ. ఆమె బాత్రూమ్‌లోకి వెళ్లి యాసిడ్ సీసా తెచ్చింది.

వీధి వాకిట్లో పాలు పోయించుకుంటున్న భూలక్ష్మికి ముక్కులు మండే వాసన వచ్చింది. గిన్నె అక్కడే పెట్టి పరుగెత్తింది. కొమ్మల మీద నుంచి పొగ లేస్తోంది. గోడ సున్నం బుసబుసమని నురగ కక్కుతోంది. పచ్చటి పొరలన్నీ పసుపై, గోధుమరంగై, ముడుచుకుపోతున్నాయి.

"ఏం చేస్తున్నావు ప్రియా?"

"మీరు చెయ్యంది చేస్తున్నానండి అక్కా."

అని సత్యప్రియ పెంకు అందుకుంది. దాని మీద యాసిడ్ పోయలేదు. బండకేసి కొట్టింది. ముక్కలను చెప్పుకాలితో నలిపింది.

భూలక్ష్మి ఆమె జుట్టు దొరకబుచ్చుకుంది. ఇరవై ఏళ్లు ఒక పొయ్యి మీద వండుకున్న తోడికోడళ్లు, ఎన్నడూ గొంతు పెంచి ఎరగనివాళ్లు, నూతిగట్టు మీద ఒకరినొకరు రక్కుకున్నారు. సత్యప్రియ ఆవిడ ముంజేతిని పళ్లు దిగేలా కొరికింది. భూలక్ష్మి ఆమె తలను గట్టుకేసి రెండుసార్లు కొట్టింది. ఆ పెనుగులాటలో సీసా భూలక్ష్మి చేతికి వచ్చింది. సత్యప్రియ కింద ఉంది. జాకెట్టు చిరిగి మెడా భుజమూ బయటపడ్డాయి. సీసాలో ఇంకా సగం ఉంది. దాన్ని దూరంగా విసిరెయ్యొచ్చని భూలక్ష్మికి తోచింది. స్పష్టంగానే తోచింది. అయినా వంచింది.

ఆ అరుపుకు పక్క తోటలో కాయలు దింపుతున్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. సత్యప్రియ మెడ పట్టుకుని గింగిరాలు తిరిగింది. రుబ్బురోలు పక్కనున్న పొత్రం కాలికి తగిలింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, బొమ్మలా నిలబడిపోయిన భూలక్ష్మి మీద వేసింది. భుజం ఎముక విరిగిన చప్పుడు భూలక్ష్మికి లోపలి నుంచి వినబడింది. మోకాళ్ల మీద పడిపోయింది.

బయట ఆటోలో కూర్చుని ఎదురుచూస్తున్న మురళీమోహన్ పరుగున వచ్చేసరికి, అతని కళ్లకు భార్య కాలిన మెడ ఒక్కటే కనబడింది. ఎన్నడూ వదినగారూ అనకుండా పలకరించనివాడు, ఆవిడ డొక్కలో తన్నాడు. ఆవిడ ముడుచుకుంటే వీపు మీద తన్నాడు. తోట వైపు నుంచి వచ్చిన రాజేంద్రప్రసాద్ చేతిలో కొబ్బరి గెలలు కోసే కత్తి ఉంది. తమ్ముడి మెడ మీదికే వేటు వేశాడు. మురళీమోహన్ చెయ్యి అడ్డు పెట్టాడు. మోచేతి కింద కండ తెగి తెల్లగా ఎముక కనిపించింది. తర్వాత నెత్తురు ఎగజిమ్మింది. రెండో వేటు పడకముందే పొరుగింటి బంగారరాజు వెనక నుంచి రాజేంద్రప్రసాద్‌ను వాటేసుకుని కింద పడేశాడు. అతని ఇంటి ఆడవాళ్లు సత్యప్రియను కుళాయి కింద కూర్చోబెట్టి మెడ మీద నీళ్లు వదిలారు.

గాయపడ్డ ముగ్గురినీ ఒకే అంబులెన్సులో, లిఖిత ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లారు. మురళీమోహన్ చేతికి ఆపరేషన్ చేశారు. ఇక మీదట రెండు వేళ్లు ముడవలేకపోవచ్చని చెప్పారు. రాజేంద్రప్రసాద్‌ను ఆ సాయంత్రమే పోలీసులు పట్టుకెళ్లారు, రిమాండు పడింది. అతని తరఫు వకీలు భూలక్ష్మి మంచం దగ్గరికి వచ్చి, పెనుగులాటలో సీసా జారి ఒలికిందని చెప్పమన్నాడు. పోలీసులు అడిగితే ఆవిడ అలాగే చెప్పింది. యామిని తల్లి మాట నమ్మి, కనిపించిన వాళ్లందరికీ అదే చెప్పుకుంది. కూతురు ఎవరితోనో ఫోనులో గట్టిగా వాదిస్తుంటే భూలక్ష్మి కళ్లు మూసుకుని పడుకునేది. విరిగిన భుజం కన్నా ఆ మాటలే ఎక్కువ నొప్పెట్టేవి.

సత్యప్రియ మాట్లాడగలిగిన రోజున ఆమె మాట రాసుకోవడానికి ఒక ఎస్సై, ఒక ఆడ కానిస్టేబులు వచ్చారు. ఆమె ముందు అక్కని పిలిపించమంది. అదే వరండా చివర గదిలో ఉన్న భూలక్ష్మి, చెయ్యి మెడకు కట్టుకుని, యామిని ఆసరాతో వచ్చి గుమ్మంలో నిలబడింది. సత్యప్రియ దవడ కింద నుంచి భుజం దాకా కట్టు ఉంది. తల తిప్పలేకపోయింది. కళ్లు మాత్రం తిప్పింది.

"ఒలికిందా అక్కా, పోసేరా?"

వకీలు ఏం చెప్పమన్నాడో భూలక్ష్మికి గుర్తుంది. పక్కన నిలబడ్డ కూతురి చెయ్యి కూడా తెలుస్తోంది. ఎస్సై కాగితం మీద నుంచి తలెత్తాడు.

"పోసేను ప్రియా. నువ్వని తెలిసే పోసేను."

యామిని చెయ్యి వదిలేసింది.

సత్యప్రియ ఎస్సైతో, ఆవిడ చెప్పినట్టే రాసుకోమంది. తాను పొత్రం ఎత్తి వేసిన సంగతీ రాసుకోమంది. చేతికి కట్టుతో మంచం పక్కన కూర్చున్న మురళీమోహన్ అడ్డం రాబోతే కళ్లతోనే ఆపింది. ఎస్సై సైగ చేశాడు. కానిస్టేబులు ముందుకు వచ్చి భూలక్ష్మి చెయ్యి అందుకోబోయింది.

"ఆ చెయ్యి పట్టుకోకండమ్మా," అంది సత్యప్రియ. "ఆ భుజం ఇరిగిపోయిందండి ఆవిడికి."

కానిస్టేబులు రెండో వైపుకి తిరిగి వచ్చింది.