బీరువా దాటకూడని అట్ట

ఫోను మోగినప్పుడు కొత్తకోడలు కుట్టుమిషను కింద దూరి, దొర్లిపోయిన కోటు గుండీ కోసం వెతుకుతోంది. అవతలివాళ్ళ మాట వింటూ, సంతోషం పట్టలేక ఉన్నచోటే లేచి నిలబడబోయింది. బల్ల నడినెత్తిన ఠంగుమంది. అయినా నవ్వుతూనే బయటికొచ్చింది.

"ఏమండీ, పిలిచారు! డెమో క్లాసుకి పిలిచారు!"

పక్క మిషను తొక్కుతున్న మొగుడు ఆ ముఖం చూస్తూ కాళ్ళు ఆపడం మరిచిపోయాడు. సూది ప్యాంటు అంచు దాటిపోయి ఉత్తగాల్లో నాలుగు కుట్లు వేసింది. పెళ్ళై నలభై రోజులే అయింది కాబట్టి ఆ టైలరు షాపులో ఇలాంటివి ఎవరూ పట్టించుకోవడం మానేశారు.

సంగతేమిటంటే, రేపు పదింటికి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాలి. కణం, దాని భాగాలు. వెనకబెంచీకి కూడా అర్థమైతే ఉద్యోగం ఇస్తారు. ఇంతకుముందు రెండు బడుల్లో ఇలాంటి పరీక్షే తప్పింది. మొదటిచోట పిల్లలు కిటికీలోంచి కాకుల్ని చూశారు. రెండోచోట హెడ్మాస్టరే కునుకు తీశాడు. "ఇదీ పోతే ఇక గుండీలు కుట్టుకుంటాను," అని పోయిన వారమే ఒట్టేసుకుంది. గుండీలు కుట్టడం కూడా ఆమెకి సరిగ్గా రాదు. అదీ అసలు భయం.

మామగారు భోజనానికి లోపలికి వెళ్ళగానే రిహార్సలు మొదలుపెట్టింది. శ్రోతలు ముగ్గురు: మొగుడు, అత్తగారు, ఇస్త్రీ బాబాయి. అత్తగారి పని పాడైన కుట్లు బ్లేడుతో విప్పి, గుడ్డలూ గుండీలూ మళ్ళీ వాడకానికి దాచడం. బాబాయి పని బట్టలు ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పొట్లం మీద ఎవరి బట్టలో వాళ్ళ పేరు రాయడం.

"కేంద్రకంలో డీఎన్ఏ అను జన్యుపదార్థము ఉండును. రైబోజోములు ప్రోటీన్లను తయారుచేయును..."

"చేయును" దగ్గరికొచ్చేసరికి బాబాయి నిలబడే నిద్రపోయాడు.

"పాఠం బాగానే ఉందమ్మా," అంది అత్తగారు ఆవలింత చేత్తో మూసుకుంటూ. "నిద్రే ఆగట్లేదు."

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి మొగుడి గుండె కరిగిపోయింది. "బొమ్మ గియ్యి. బొమ్మ ఉంటే ఎవరూ నిద్రపోరు. మంచి అట్ట నేను తెస్తానుండు," అని మూల ఉన్న బీరువా తెరిచాడు. నిజానికి ఆ తాళంచెవి ఎక్కడుంటుందో అతనికి తెలియకూడదు. లోపల దళసరి గోధుమరంగు అట్టలు వేలాడుతున్నాయి. అన్నింటికన్నా పెద్దది దించాడు. కణం గుండ్రంగా కనబడాలని ఒక మూల కాస్త కత్తిరించాడు కూడా. ప్రేమలో ఉన్నవాడి చేతికి కత్తెర ఇవ్వకూడదు.

ఆమె రంగు పెన్నులతో గీసింది. ఊదా కేంద్రకం, ఎర్ర మైటోకాండ్రియా, చుట్టూ పచ్చటి పొర. చివరి రంగు వేస్తుండగా మామగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. ఆయన కటింగ్ మాస్టరు. కొడుకు పెళ్ళి ఫోటోల్లో కూడా ఆయన మెడలో టేపు ఉంది.

ఆయన అట్ట చూశారు. బీరువా చూశారు. మళ్ళీ అట్ట చూశారు.

"ఎవర్రా నా కోటు ప్యాటర్ను బయటికి తీసింది?"

మొగుడు దారం రీలు పడేసుకుని, దానికోసం బల్ల కిందికి వెళ్ళిపోయాడు.

"ముప్ఫై ఏళ్ళు! ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఇది బీరువా దాటలేదు! అసలుది కదలకూడదమ్మాయ్! కావలసినప్పుడు పల్చటి కాగితం మీద నకలు దించాలి. ఆ నకలు మిషను దగ్గరికి వెళ్ళాలి. నకలు చూసి గుడ్డ కత్తిరించి కుట్టాలి, పనయ్యాక దాన్ని చించెయ్యాలి! నకలు పాడైతే ఒక్క కోటు పోతుంది. అసలుది అరంగుళం తేడా వస్తే, ఇకముందు కుట్టే కోట్లన్నీ వంకరే!"

కోడలు తల వంచుకుని వింది. వింటూ వింటూ మెల్లగా తలెత్తింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"మామయ్యగారూ, ఇంకోసారి తిట్టండి."

"ఏమిటీ?"

"నకలు దగ్గర్నుంచి. రాసుకుంటాను."

కోపంలో ఉన్న మనిషిని ఎవరైనా మళ్ళీ కోపగించుకోమని బతిమాలితే ఏం చెయ్యాలో ఏ కటింగ్ మాస్టరుకీ తెలీదు.

"ఆ బీరువాయే కేంద్రకం!" అంది ఆమె గంతేసినంత పని చేసి. "అట్టలు డీఎన్ఏ. అసలుది లోపలే ఉంటుంది, నకలే బయటికొస్తుంది. ఏమండీ, బయటికి రండి, మీరు రైబోజోము! నకలు చూసి కుట్టేది మీరే. కుట్టింది బాబాయి దగ్గరికి వెళ్తే, మడతపెట్టి, చిరునామా రాసి పంపుతాడు. గాల్జీ సంక్లిష్టం అంటే బాబాయే!"

బాబాయి పూర్తిగా మేలుకుని చొక్కా సర్దుకున్నాడు.

"మరి నేనెవర్ని?" అంది అత్తగారు.

"లైసోజోము అత్తయ్యా. పాతబడినవి విడగొట్టి, పనికొచ్చేవి మళ్ళీ వాడకానికి ఇస్తుంది."

"అంటే చెత్తబుట్టనా?"

"మీరు లేకపోతే కణం నిండా చెత్త పేరుకుపోతుంది."

"అదే నేనూ ముప్ఫై ఏళ్ళ నుంచి చెబుతున్నాను," అని ఆవిడ మామగారి వైపు చూసింది. తర్వాత బ్లేడు పక్కన పెట్టి ఆలోచనలో పడింది. "సరేగానీ, కంటికీ చర్మానికీ వేరువేరు బీరువాలా?"

"ఒకే రకం బీరువా, అవే అట్టలు. చర్మం చర్మానికి కావలసిన నకళ్ళు తీసుకుంటుంది, కన్ను కంటికి కావలసినవి."

"ఓహో. ఒకడు షర్టులు కుడతాడు, ఒకడు కోట్లు కుడతాడు. అంతేగా!"

కోడలు అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. అత్తగారికి అర్థమైందంటే వెనకబెంచీ ఒక లెక్కా?

"నీ కణం సంగతి బాగుంది," అన్నారు మామగారు నీరసంగా. "నా కోటు మూల మాటేమిటి?"

అత్తగారు లేచి, దారాల గూట్లో అడుగున పరిచిన కాగితం లాగింది. ఆయన చించెయ్యమని ఇచ్చిన పాత నకలు అది. ఆవిడ చేతికొచ్చిన కాగితం చిరగడం చరిత్రలో లేదు. మామగారు దాన్ని అట్ట మీద పరిచి, తెగిన మూల కొలిచి, కొత్త ముక్క అతికారు. ముఖం ఇంకా గంటుపెట్టుకునే ఉన్నా, సుద్దముక్క పట్టిన చెయ్యి మెత్తబడింది. ఊదా కేంద్రకం మాత్రం కోటు వీపు మధ్యలో అలాగే ఉండిపోయింది.

"మరి ఈ మైటోకాండ్రియా ఎవరోయ్?" అని మొగుడు గుసగుసగా అడిగాడు.

"తిండిని శక్తిగా మార్చి అందరికీ అందించేది."

"అయితే నువ్వే. నువ్వొచ్చాకే ఈ షాపులో కరెంటు."

"వినపడుతోందిరా," అన్నారు మామగారు.

ఆమె సిగ్గుపడుతూనే బడికి ఫోను చేసింది. "మేడమ్, రేపు నాతోపాటు మా ఇంట్లోవాళ్ళు కూడా వస్తే ఫర్వాలేదా? మా మామయ్యగారు పిల్లల ముందు నన్ను కాస్త తిట్టాలి... అవును మేడమ్, పాఠంలో భాగమే."

ఫోను పెట్టేసి, ఒప్పుకున్నారన్నట్టు తల ఊపింది. మామగారు గొంతు సవరించుకుని, "బీరువా కూడా మోసుకెళ్ళాలా ఏమిటి?" అని విసుక్కుంటూనే బోర్డు ముక్క తీసుకున్నారు. సుద్దతో రాసి, గుమ్మానికి తగిలించారు:

"రేపు మధ్యాహ్నం దాకా షాపు తెరవబడదు. కోడల్ని తిట్టే పని ఉంది."